తెల్ల గీతల మీద నిమ్మకాయ

దిష్టి తీసి పారేసిన వస్తువును తొక్కినవారికి ఆ దిష్టి అంటుకుంటుందని ఒక నమ్మకం ఉంది. అది కోసిన నిమ్మకాయ కావచ్చు, పగిలిన గుమ్మడికాయ చెక్క కావచ్చు, దారానికి గుచ్చిన మిరపకాయలు కావచ్చు. కాలు తగిలితే చాలు, ఎవరి మీదినుంచో దిగిన కీడు తొక్కినవారి మీదికి ఎక్కుతుందట. ఈ నమ్మకానికి చదువుతోగాని, ఉద్యోగంతోగాని నిమిత్తం లేదు. ఫోనులోంచి కళ్ళెత్తకుండా రోడ్డు మీద నడిచే యువకుడికి ఎదురుగా వచ్చే లారీ కనబడకపోవచ్చు. కాలి ముందున్న కుంకుమ పూసిన నిమ్మకాయ మాత్రం తప్పక కనబడుతుంది.

నాచారం నుంచి మల్లాపూర్ వైపు పోయే దారిలో, కార్ఖానాలు మొదలయ్యే చోట ఒక చౌరస్తా ఉంది. దానికి సిగ్నల్ దీపాలున్నాయి. నడిచేవాళ్ళ కోసం వెలిగే పచ్చటి మనిషి బొమ్మ ఉంది. రోడ్డుకు అడ్డంగా తెల్ల గీతలున్నాయి. ఎర్రదీపంతో పనిలేకుండా ఎడమకు తిరిగి వచ్చే బండ్లు నెమ్మదించడానికి, సరిగ్గా ఆ గీతల ముందర రబ్బరు స్పీడు బ్రేకరు కూడా ఉంది. ఇన్ని ఉన్నా ఆ చౌరస్తాకు మంచి పేరు లేదు. అమావాస్యకు అది ఒక మనిషిని కోరుతుందని చుట్టుపక్కల వాడుక. అక్కడ ఎవరూ చనిపోయిన దాఖలా లేదు. అయితే కాలు బెణికినవాళ్ళు, మోచేయి చీరుకుపోయినవాళ్ళు అమావాస్యనాడే ఎక్కువగా కనబడేవారన్న మాట అబద్ధం కాదు.

ఒక అమావాస్యకు అది కోరుకున్నది లక్ష్మీనర్సమ్మను.

లక్ష్మీనర్సమ్మది జనగామ పక్క పల్లె. పెళ్ళయిన కొత్తలో భర్త మొగిలయ్యకు నాచారంలోని సీసా మూతల కార్ఖానాలో పని దొరికితే వచ్చి, ఇక్కడే స్థిరపడింది. మొగిలయ్య ఇప్పుడు కార్ఖానా మానేసి ఒక అపార్టుమెంటుకు పగటి కాపలా కాస్తున్నాడు. కొడుకు తిరుపతి ఉప్పల్ మెట్రో స్టేషను దగ్గర క్యాబు నడుపుతాడు. ఇల్లు చౌరస్తాకు ఈ పక్క గల్లీలో. ఆమె జొన్నరొట్టెల అడ్డా ఆ పక్క, మూతపడ్డ ఒక కార్ఖానా ప్రహరీ నీడలో. రోజూ సాయంత్రం నాలుగింటికి పిండి తొట్టి నడుముకెత్తుకొని రోడ్డు దాటేది. పొయ్యి, పెనం, పీట అక్కడే ఆకుకూరలమ్మే ఐలమ్మ దగ్గర ఉండేవి. షుగరు వచ్చిన వాళ్ళందరినీ డాక్టర్లు జొన్నరొట్టె తినమని చెప్పడం మొదలుపెట్టిన నాటినుంచి ఆమెకు గిరాకీ తగ్గిన రోజు లేదు. గిరాకీ మాట అటుంచి, రొట్టె తడుతూ నలుగురి కష్టసుఖాలు వినడం, అడగకపోయినా సలహా చెప్పడం ఆమెకు అన్నం కన్న ముఖ్యం. ఎవరికి షుగరు ఎంతుందో, ఎవరి బిడ్డకు సంబంధాలు చూస్తున్నారో, ఏ షిఫ్టులో ఏ సూపర్‌వైజరు దుర్మార్గుడో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఆ అమావాస్యనాడు కూడా పచ్చబొమ్మ పడ్డాకే కదిలింది. గీతల మీద నడిచింది. రోడ్డు నడిమికి వచ్చేసరికి కాలి ముందు రెండు నిమ్మచెక్కలు, పక్కన గుమ్మడికాయ పెచ్చులు, అన్నిటి మీదా కుంకుమ. అందరిలాగే ఆమె కూడా పక్కకు జరిగింది. ఒక పక్క బండ్లు గీతలను ఆనుకొని ఆగి ఉన్నాయి కనుక జరిగితే రెండో పక్కకే, అంటే చౌరస్తా లోపలికే జరగాలి. అది స్పీడు బ్రేకరుకు అవతల, బండ్లు ఇంకా నెమ్మదించని చోటు. మలుపు తిరుగుతూ వచ్చిన స్కూటరు ఆమె మోచేతిని రాసుకుంటూ పోయింది. తొట్టి ఎగిరింది, ఆమె చెయ్యి ఆనించి కింద పడింది. జొన్నపిండి రోడ్డు మీద పడి, ఉన్న గీతల పక్కన ఇంకో తెల్ల గీత గీసినట్టయింది. స్కూటరు నడిపిన పిల్లవాడే బండి తిప్పి ఆమెను దవాఖానకు తీసుకుపోయాడు. ఎముక విరగలేదు. ఎడమ మణికట్టు వాచింది. రొట్టె తట్టే చెయ్యి అదే.

ఇంట్లో విచారణ ఆ సాయంత్రమే మొదలైంది. మొగిలయ్య ఆమె చెప్పులు తిప్పి చూసి, ఒక అంచున ఎర్రటి మరక పట్టుకున్నాడు.

"తొక్కినవ్."

"తొక్కలే."

"మరి సెప్పుకు కుంకుమేంది?"

"కింద పడ్డంక అంటిందయ్యా. నేను పడ్డదే దాని పక్కన."

"తొక్కకపోతే పడుడెట్ల?"

"తొక్కొద్దనే పక్కకు జరిగిన. జరిగిన గనుకనే బండి తాకింది. సీద పోయుంటే నాకేమైతుండె?"

"దిష్టన్నంక ఎట్లనన్న లాగుతది. నిన్ను పక్కకు జరిపింది గూడ గదే!"

ఆ వాదనకు నాలుగు పక్కలా తలుపులున్నాయి. ఏ తలుపులోంచి పోయినా మళ్ళీ దిష్టి దగ్గరే తేలుతారు. లక్ష్మీనర్సమ్మ చెప్పులు అందుకొని గుమ్మం బయట పెట్టింది. తిరుపతికి దిష్టితో పనిలేదు, కాని వాడి తీర్పు తండ్రి తీర్పుకన్న గట్టిగా ఉంది.

"ఇగ రొట్టెలు బంద్ అవ్వా. దినమంత రోడ్డు మీద ఉండేటోన్ని నేను. ఎవడెట్ల నడుపుతడో నాకు ఎరుకే. నువ్వు గా రోడ్డు దాటుతున్నవంటే నాకు స్టీరింగు మీద మనసుండదు. ఇంట్ల కూసో."

కోపంతో అన్నమాటయితే ఎదురు చెప్పేది. వాడు భయంతో అన్నాడు.

పది పన్నెండు రోజులకు వాపు తీసింది. ఇంట్లో కూర్చోవడం మాత్రం ఆమెకు చేతకాలేదు. గోడతో ఎంతసేపు మాట్లాడుతుంది? ఒకనాడు ఐలమ్మ ఫోను చేసింది.

"ఓ నర్సమ్మా, ఉన్నవా పోయినవా? ఇగో, నూడుల్స్ బండోడు వచ్చి నీ జాగ దిక్కు సూసి పోతున్నడే. నా తట్ట పెట్టి ఆపిన. ఇంకెన్ని రోజులు ఆపాలె చెల్లె? నేను తోటకూర అమ్ముకోవాల్నా, నీ జాగకు కావలి ఉండాల్నా?"

"అమావాస్య దాక ఆపు అక్కా. గంతే."

"గప్పటిదాకంటే ఆపుత. గా సిగ్నల్ ఉన్నకాడ మా జొన్న చేనుండె ఒకప్పుడు. పిట్టలనే రానియ్యలే, వాన్ని రానిస్తనా!"

మాట ఇచ్చింది గాని ఎలా నిలబెట్టుకోవాలో ఆమెకు తెలియదు. ఆ సాయంత్రం పొద్దుపోక చౌరస్తా దాకా నడిచి, పాన్‌డబ్బా ముందున్న బల్ల మీద కూర్చుంది. ఏమీ తోచనివాళ్ళు ఏదో ఒకటి చూస్తారు. ఆమె రోడ్డు దాటేవాళ్ళను చూసింది. ఆ రోజు శుక్రవారం. పచ్చబొమ్మ పడగానే జనం గీతల మీదుగా దారం లాగినట్టు సీదాగా పోయారు. మలుపులోంచి వచ్చిన బండ్లు స్పీడు బ్రేకరు దగ్గర ఎగిరి, నెమ్మదించి, జనం పోయేదాకా ఆగాయి. మర్నాడు మళ్ళీ వచ్చింది. శనివారం. దుకాణాల వాళ్ళు గుమ్మానికి కట్టిన పాత నిమ్మకాయ మిరపకాయలు తీసి కొత్తవి కట్టుకునే రోజు. పాతవి గీతల మీద పడి ఉన్నాయి. అదే పచ్చబొమ్మ, అదే జనం. కాని నడిమికి వచ్చేసరికి వాగు బండరాయిని చుట్టుకున్నట్టు అందరూ వంకర తిరిగి, మలుపులోకి దిగి, మళ్ళీ గీతలెక్కుతున్నారు. బండ్లు కీచుమంటూ బ్రేకులు వేస్తున్నాయి. ఒక తండ్రి బిడ్డకు నిమ్మకాయ తగలకుండా సంకనెత్తుకొని, ఆ బిడ్డతో సహా ఒక ఆటో ముందుకు నడిచాడు. ఆటోవాడు తిట్టిన తిట్టు పాన్‌డబ్బా దాకా వినిపించింది.

లక్ష్మీనర్సమ్మ ఆ రాత్రి అన్నాల దగ్గర విషయం ఎత్తింది.

"వచ్చే అమావాస్యకు నేను నిమ్మకాయ తొక్కుకుంట పోత."

మొగిలయ్య చేతిలోని ముద్ద చేతిలోనే ఆగింది. "ఏందీ?"

"పచ్చబొమ్మ పడ్డప్పుడు, గీతల మీదికెల్లి, సీద. నిమ్మకాయ అడ్డమొస్తే దాని మీదికెల్లే పోత. ఏమైతదో సూద్దాం."

"తిక్క గిట్ల లేసిందానే నీకు?"

"మీరే గదా అనేది తొక్కితే తగుల్తదని. తొక్కకపోయినా తగిలె నాకు. ఇగ తొక్కి సూసుడే మిగిలింది."

"శనివారందా, అమావాస్యదా?" అన్నాడు మొగిలయ్య, తెలియకుండానే చర్చలోకి దిగుతూ. "శనివారంది ఉత్త దిష్టి. అమావాస్యదే అసలుది."

"అసలుదే తొక్కుత. తొక్కితే ఎన్ని రోజులల్ల తగుల్తదో చెప్పు మరి."

ఆ ప్రశ్న మొగిలయ్యను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ముద్ద మింగి లెక్క చెప్పాడు. "పున్నమి లోపల. చంద్రుడు నిండేలోపల దాని పని అది జేస్తది. మా అవ్వ గట్లనే చెప్పేది."

"పున్నమి దాటితే?"

"దాటితే లేనట్టే."

"మాట మీద నిలబడాలె. మల్ల ఉగాదికి నాకు దగ్గొస్తే నిమ్మకాయ అనొద్దు."

"అనను పో."

"ఇంకోటి. ఏమైతే తగిలినట్టు? దోమ కుడితే లెక్క గాదు. రొట్టె మాడితే లెక్క గాదు. నీతోని కొట్లాటైతే అసలే లెక్క గాదు, గది రోజుండేదే."

తిరుపతికి నవ్వాగలేదు. "దవాఖానకన్న పోవాలె, మంచమన్న పట్టాలె. గప్పుడు తగిలినట్టు. సరేనా బాపూ?"

మొగిలయ్య తలూపాడు. లక్ష్మీనర్సమ్మ కొడుకు వైపు తిరిగింది. "పున్నమి దాక నేను మంచిగుంటే నా జాగల నేను కూసుంట. నువ్వు అడ్డం రావద్దు."

నవ్వు తిరుపతి ముఖం మీదనే ఉండిపోయింది గాని కళ్ళల్లోంచి జారిపోయింది. తను తీర్చిన తీర్పును నిమ్మకాయకు అప్పగించడం వాడికి ఇష్టం లేదు. కాని శుక్రవారం ఏం జరిగిందో, శనివారం ఏం జరిగిందో తల్లి చెబుతుంటే విన్నాడు. రోడ్డు గురించి తెలిసినవాడు కనుక విన్నది కాదనలేకపోయాడు.

"పచ్చబొమ్మ పడ్డంకనే కదలాలె. మలుపు దిక్కు సూసి కదలాలె. గీత దిగొద్దు. ఏమొచ్చినా గీత దిగొద్దు."

"ఏమొచ్చినా దిగ," అంది.

మిగిలింది బాలనర్సింహ. చౌరస్తా మూల మీద బ్యాటరీల దుకాణం అతనిది. తాతల నాటి నాచారం మనిషి. అమావాస్యనాడు మొదటి గుమ్మడికాయ అతనిదే. అది పగిలిన చప్పుడు విన్నాకే మిగతా దుకాణాల వాళ్ళు తమ తమ కాయలతో బయలుదేరేవారు. మర్నాడు లక్ష్మీనర్సమ్మ అతని దుకాణం మెట్టెక్కింది.

"ఒక మాట అడుగుత తమ్మీ, ఏమనుకోకు. గుమ్మడికాయ గీతల మీదనే ఎందుకు కొడ్తవు?"

బాలనర్సింహ ఆమెకు స్టూలు వేసి, చాయ్ చెప్పాడు. ఆమె చేతికి ఇంకా ఉన్న పట్టీ వైపు చూశాడు. "చౌరస్త నడుమ కొట్టాలె రొట్టెలక్కా. దుకాణం ముంగట కొడితే దిష్టి యాడికి పోతది? మల్ల లోపటికే మర్లుతది."

"నడుమ అంటే గీతలేనా?"

"మరి నడుమకు బండ్లు పోనిస్తయా? పచ్చబొమ్మ పడ్డప్పుడే జర జాగ దొరుకుతది. ఉరికి పోయి, కొట్టి, ఉరికి రావాలె. బొమ్మ ఆరిపోతే గుమ్మడికాయతోని నేను గూడ పల్గుత."

సంగతి అంతే. నడిచేవాళ్ళ కోసం బండ్లను ఆపితే, ఆగిన బండ్ల ముందు ఆ కాస్త ఖాళీ జాగాలోకే ప్రతి దుకాణదారుడూ గుమ్మడికాయతో పరుగెత్తుతున్నాడు. ఎవరికైనా ప్రాణమే ముఖ్యం కనుక, చౌరస్తాలో భద్రమైన చోటు ఏదో ఆ చోటే దిష్టితో నిండిపోతోంది. బాలనర్సింహలో దురుద్దేశం వీసమెత్తు లేదు. అతను కూడా పచ్చబొమ్మను నమ్ముకున్న మనిషే.

"నీ దిష్టి పోతున్నది తమ్మీ, నా చెయ్యి పోయింది," అందామె.

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేనొక్కన్ని జాగ మారిస్తే గాదక్కా. రేపు పక్క దుకాణపోనికి గిరాకి తగ్గితే బాలన్న వల్లనే అంటడు."

"నేను అమావాస్యకు తొక్కుత. పున్నమి దాక నాకేం గాకపోతే మారుస్తవా?"

"నీకేం గాకపోతే దిష్టే లేనట్టు. దిష్టే లేకుంటే ఇగ గుమ్మడికాయ కొనుడెందుకు?"

"కొనుక్కో, కొట్టుకో, నీ ఇష్టం. గీతల మీద కొట్టకు. గంతే నేనడిగేది."

బాలనర్సింహ ఖాళీ గ్లాసులు పక్కకు జరిపాడు. "సరే. పున్నమి దాక సూస్త. కాని ఈ అమావాస్యకు మాత్రం కొట్టేకాడనే కొడ్త."

"కొట్టు. గట్టిగ కొట్టు. మల్ల సరిగ్గ కొట్టలే గందుకే తగల్లే అనొద్దు."

అమావాస్య పొద్దున దుకాణాలు తెరుచుకోగానే గుమ్మడికాయలు పగిలాయి. బాలనర్సింహ పందెపు కోడిని వదిలినంత శ్రద్ధగా కుంకుమ దండిగా పూసి మరీ కొట్టాడు. నిమ్మకాయలు కూడా నాలుగు ఎక్కువే కోశాడు. నాలుగింటికల్లా బండ్లు గుమ్మడికాయను నలగ్గొట్టి గుజ్జు చేశాయి. నిమ్మచెక్కలు మాత్రం ఎర్రగా, గుండ్రంగా, గీతల మీద ఎవరో పెట్టినట్టే ఉన్నాయి.

పిండి తొట్టి నడుముకెత్తుకొని లక్ష్మీనర్సమ్మ వచ్చింది. వెనక మొగిలయ్య. అతను ఆ పూట కాపలాకు సెలవు పెట్టాడు. ఎందుకని అడిగినవాళ్ళకు కడుపునొప్పి అని చెప్పాడు. వార్త అప్పటికే పాకిపోయింది. పంచరు దుకాణం పోశయ్య చేతిలో ట్యూబు అలాగే పట్టుకొని బయటికి వచ్చాడు.

"రొట్టెలక్కా, బీమా గిట్ల ఉన్నదా?"

"ఉన్నది. పైసలు మీ అన్నకొస్తయి. గందుకే ఎంబడి వచ్చిండు సూడు."

"నోరు మంచిదైతే ఊరు మంచిదైతదంటరు," అని మొగిలయ్య సణిగాడు. తరువాత గొంతు తగ్గించాడు. "అటు గుజ్జు గూడ ఉన్నది. గదే అసలుది. గది తొక్కవా?"

"గుజ్జు తొక్కితే జారుతది. జారి పడితే గది గుజ్జు పని, దిష్టి పని గాదు. మల్ల నువ్వు దిష్టంటవు. నేను నిమ్మకాయే తొక్కుత."

ఈ తేడా మొగిలయ్యకు అన్యాయంగా తోచింది గాని ఏ మూల అన్యాయమో చెప్పలేకపోయాడు.

ఎర్రదీపం పడింది. బండ్లు ఆగాయి. పచ్చబొమ్మ వెలిగింది. లక్ష్మీనర్సమ్మ మలుపు వైపు ఒకసారి, ఆగిన బండ్ల వైపు ఒకసారి చూసి, గీతల మీద అడుగు వేసింది. షిఫ్టుకు పోయేవాళ్ళు, కాలేజీ పిల్లలు, సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు, ఎవరూ కదలలేదు. సీదాగా పోయింది. నిమ్మచెక్క దగ్గరికి వచ్చింది. నడక మార్చలేదు. ఎత్తిన కాలు దాని మీదే దించింది. చిన్న చప్పుడు. వెనక పది గొంతులు ఒక్కసారే అయ్యో అన్నాయి. ఆమె కాలెత్తి తరువాతి అడుగు వేసింది. ఆ తరువాతిది వేసింది. అవతలి ఒడ్డు చేరింది.

"బతికే ఉన్నవానే?" అని ఐలమ్మ అక్కడినుంచే కేకేసింది.

"ఉన్నట్టే ఉన్న. పొయ్యి కడిగినవా?"

అసలు విశేషం ఇవతలి ఒడ్డున జరిగింది. సంచి పట్టుకున్న ఒక ముసలామె మొగిలయ్యను భుజం మీద తట్టింది.

"ఓ బిడ్డా, తగిలేది ముందు తొక్కినోళ్లకే గదా?"

తన విద్య గురించి అడిగితే మొగిలయ్య జవాబు దాచుకోలేడు. "అవును అవ్వా. ముందుగాల తొక్కినోళ్లకే. దిష్టి ఒక్కసారే ఎక్కుతది."

"గా పిల్ల తొక్కనే తొక్కింది. ఇగ మనకేంది?" అంటూ ముసలామె గీతలెక్కింది. ఆమె వెనక టిఫిన్ డబ్బా పట్టుకున్న కార్మికుడు, అతని వెనక పిల్లలు, ఆడవాళ్ళు. గుజ్జు ఉన్నచోట చూసి అడుగేశారు. నిమ్మచెక్కల మీదుగా సీదాగానే పోయారు. ఒక్కరు కూడా మలుపులోకి దిగలేదు. మలుపులోంచి వచ్చిన మూడు స్కూటర్లు స్పీడు బ్రేకరు మీద ఎగిరి, గీతల ముందు ఆగి, వాళ్ళు పోయేదాకా నిలబడ్డాయి. అందరికన్న చివర మొగిలయ్య మిగిలాడు. భార్య తొక్కిన చెక్కనే వెతుక్కొని, దాని మీద మునివేళ్ళు ఆనించి, గబగబా దాటేశాడు.

పున్నమి దాకా ఇంట్లో కాపలా కట్టుదిట్టంగా సాగింది. రెండో రోజు లక్ష్మీనర్సమ్మ తుమ్మింది. మొగిలయ్య తలెత్తి చూశాడు. "మంచం పట్టిన్నా?" అని అడిగిందామె. పట్టలేదు కనుక దాన్ని వదిలేశాడు. తరువాత ఒకనాడు తిరుపతి క్యాబు టైరు పేలింది. మొగిలయ్యకు దారి దొరికింది.

"దిష్టి ఇంటోళ్లందరికీ తగుల్తది."

"బాపూ, ఉప్పల్ కాన్నుంచి రామంతాపూర్ దాక ఎన్నడన్న పోయినవా?" అన్నాడు తిరుపతి. "గది దిష్టి గాదు, గుంత. గా గుంతల ఊరందరి టైర్లు పల్గినయ్. ఊరంత నిమ్మకాయ తొక్కిందా?"

ఒక సాయంత్రం పెనం అంచు తగిలి ఆమె బొటనవేలు కాలింది. కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఒక్కక్షణం మాటలాపి చూశారు. పందెం గురించి అప్పటికి తెలియనివాళ్ళు లేరు. ఆమె వేలును పక్కనున్న చెంబు నీళ్ళలో ముంచి, రొట్టె తిప్పేసి, "పెనం కాడ కూసున్నదాని వేలు కాలక ముక్కు కాల్తదా?" అంది. దవాఖానకు పోలేదు. మంచం పట్టలేదు. లెక్కలోకి రాలేదు.

ఈలోగా చౌరస్తాలో కొత్త అలవాటు ఒకటి పుట్టింది. శనివారం సాయంత్రాలు గీతల మీద నిమ్మకాయ కనబడితే జనం ఒడ్డునే ఆగి, "రొట్టెలక్క రానీ" అనేవారు. ఆమె వచ్చి తొక్కేది. అందరూ ఆమె వెనక సీదాగా నడిచేవారు. "నా కాలు మీకు రోడ్డు రోలరా?" అని విసుక్కునేది గాని, నిజానికి ఆమెకు అది బాగానే ఉంది.

పున్నమి వచ్చింది. పొద్దు గూకుతుండగానే కార్ఖానా రేకుల మీదుగా చంద్రుడు లేచాడు. మొగిలయ్య కాపలా ముగించుకొని వచ్చి, చంద్రుణ్ణి నిదానంగా చూసి, ఏ మూలా తరుగు లేదని నిర్ధారించుకొని, భార్య పక్కన ఇటుక మీద కూర్చున్నాడు. తిరుపతి క్యాబును గోడ వారగా ఆపి దిగి వచ్చాడు. ఐలమ్మ వాళ్ళిద్దరికీ ఉల్లిగడ్డ చెక్కలు కోసింది.

"ఇగ చెప్పు," అంది లక్ష్మీనర్సమ్మ, పిండి ముద్దను పీట మీద తడుతూ. చెయ్యి నొప్పి లేదు. తట్టుడు చప్పుడు మునుపటిలాగే ఒక తాళంలో పడుతోంది.

మొగిలయ్య వేడి రొట్టె తుంచుకున్నాడు. "నిండింది," అన్నాడు.

"అయితే?"

"లేనట్టే."

ఆమె కొడుకు వైపు చూసింది. తిరుపతి రొట్టె నమిలి, మింగి, చౌరస్తా వైపు చూశాడు. పచ్చబొమ్మ వెలిగి ఉంది. జనం గీతల మీదుగా వస్తున్నారు.

"కూసో అవ్వా, నీ జాగల నువ్వు," అన్నాడు. "కాని గీత దిగొద్దు."

"ఇంకో రొట్టె తింటవా?"

"వెయ్."

నూడుల్స్ బండివాడు అవతలి గేటు దగ్గర ఇంకో చోటు చూసుకున్నాడు.

తరువాతి అమావాస్యనాడు పొద్దున బాలనర్సింహ గుమ్మడికాయకు హారతిచ్చి, చౌరస్తా నడిమికి పోలేదు. గీతలకు దూరంగా, ఎవరూ నడవని చోట, డివైడరు చివర ఉన్న కరెంటు స్తంభం మొదట్లో కొట్టాడు. ఆ చప్పుడు విని మిగతా దుకాణాల వాళ్ళు కూడా అక్కడికే పోయారు. నిమ్మచెక్కలు కూడా అక్కడే పడ్డాయి.

నాలుగింటికి పచ్చబొమ్మ వెలిగినప్పుడు తెల్ల గీతల మీద ఏమీ లేదు. జనం గీతల మీదనే నడిచారు. ఆ రోజు చౌరస్తాలో ఎవరూ పడలేదు. లక్ష్మీనర్సమ్మ రోడ్డు దాటి, పొయ్యి వెలిగించింది.